కొత్త పీసీకి పాత ఆడియో ఇంటర్‌ఫేస్ పని చేయట్లేదా? డబ్బా పోయిందనుకునే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ పేరు చెప్పి చాలామంది కొత్త పీసీ కొన్నారు, నేనూ కొన్నాను. మౌస్, కీబోర్డ్, ప్రింటర్ ఏ పేచీ పెట్టకుండా పని చేశాయి. ఇంట్లో పాటలు, పాడ్‌కాస్ట్‌లు రికార్డ్ చేసుకునేవాళ్లకి అసలు తలనొప్పి ఆడియో ఇంటర్‌ఫేస్ దగ్గర మొదలవుతుంది. మైక్‌నీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే ఆ చిన్న డబ్బా పాత పీసీలో ఏళ్ల తరబడి నోరెత్తకుండా పని చేసి, కొత్త దానికి తగిలించగానే అలుగుతుంది.

నా దగ్గరున్నది రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. బీటెక్‌లో ఉండగా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ వెబ్‌సైట్‌లో దీని డ్రైవర్ విండోస్ 10 దగ్గరే ఆగిపోయింది. మామూలుగా అయితే తీరిగ్గా చూసుకునేవాణ్ని. కానీ అదే వారం కరీంనగర్ నుంచి నానమ్మ వచ్చింది, ఉండేది ఆదివారం దాకానే. ఆవిడ పాడే బతుకమ్మ పాటలు కొన్ని మా ఇంట్లో ఇంకెవరికీ రావు. ఈసారి ఎలాగైనా రికార్డ్ చేయాలని ముందే అనుకున్నాను.

ఆ వారం నేను చేసిన తప్పులు, చివరికి పని చేసిన పద్ధతి రెండూ ఇందులో ఉన్నాయి. మీ దగ్గరున్నది ఏ కంపెనీ డబ్బా అయినా వరుస ఇదే.

ముందు మీ సమస్య ఏ రకమో తేల్చుకోండి

"పని చేయట్లేదు" అనే మాట వెనక మూడు వేర్వేరు సమస్యలు ఉంటాయి. మూడింటికీ మందులు వేరు.

మొదటిది, కంప్యూటర్ అసలు గుర్తు పట్టకపోవడం. డివైస్ మేనేజర్‌లో పేరు ఉండదు, లేదంటే పక్కన పసుపు గుర్తు ఉంటుంది.

రెండోది, గుర్తు పడుతుంది, పేరు కనిపిస్తుంది, కానీ సౌండ్ రాదు, లేదా రికార్డ్ అవదు.

మూడోది, అన్నీ పని చేస్తాయి గానీ మధ్యమధ్యలో చిటపటలు వస్తాయి, ఆడియో తెగిపోతుంది.

నాకు ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. అందుకే తేడా బాగా తెలిసింది.

స్టెప్ 1: కేబుల్, పోర్ట్, కరెంట్

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు ఈ పది నిమిషాల పని చేయండి. ఇంటర్‌ఫేస్‌ని పాత పీసీకో, ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కో తగిలించి చూడండి. అక్కడ పని చేస్తే డబ్బా బాగున్నట్టే, తప్పంతా కొత్త కంప్యూటర్ వైపు ఉన్నట్టు. ఈ ఒక్క టెస్ట్‌తో సగం అనుమానాలు తీరిపోతాయి.

తర్వాత కేబుల్ మార్చండి. పాత ఇంటర్‌ఫేస్‌లకి ప్రింటర్‌కి వాడే చదరపు మూతి కేబులే ఉంటుంది. ఏళ్ల తరబడి వంచి చుట్టిన కేబుల్‌ని నమ్మలేం. ప్రింటర్‌ది తీసి పెట్టి చూడటానికి పైసా ఖర్చు లేదు.

డెస్క్‌టాప్ అయితే ముందు ప్యానెల్‌లో కాకుండా వెనక నేరుగా మదర్‌బోర్డ్ పోర్ట్‌లో పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఉంటే ముందు అందులోనే ట్రై చేయండి. చాలా బోర్డుల్లో దాని లోపలి ప్లాస్టిక్ నలుపు రంగులో ఉంటుంది, నీలం అయితే 3.0. పాత డబ్బాలు 3.0లో కూడా పని చేయాలి, ఎక్కువ శాతం చేస్తాయి. కొన్ని మాత్రం కొత్త కంట్రోలర్లతో పేచీ పెడతాయి.

కరెంట్ సంగతి కూడా చూసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది గరిష్ఠంగా 500 మిల్లీయాంప్‌లు. అడాప్టర్ లేని ఇంటర్‌ఫేస్ అందులోంచే తన పని చేసుకోవాలి, కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా తయారు చేయాలి. సొంత పవర్ లేని హబ్‌లో దాంతోపాటు కీబోర్డ్, వెబ్‌క్యామ్, పెన్‌డ్రైవ్ కూడా పెడితే అంతా ఆ 500లోంచే పంచుకోవాలి. ఫాంటమ్ బటన్ నొక్కగానే ఇంటర్‌ఫేస్ డిస్‌కనెక్ట్ అవుతోందంటే ముందు అనుమానించాల్సింది హబ్‌నే.

స్టెప్ 2: డ్రైవర్ గొడవ

నా డబ్బా పాత ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా పని చేసింది. కొత్త పీసీలో మాత్రం కంపెనీ పాత డ్రైవర్ వేయగానే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వచ్చింది. ఆ వెంటనే, ఈ పరికరానికి డ్రైవర్ లోడ్ చేయలేకపోతున్నానని విండోస్ ఒక మెసేజ్ పెట్టింది.

ఇది విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే ఫీచర్ పని. డ్రైవర్ నడిచేది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో. అక్కడికి వెళ్లే ప్రతి కోడ్‌నీ ఈ ఫీచర్ వర్చువలైజేషన్ సాయంతో వేరుగా ఉంచిన చోట తనిఖీ చేస్తుంది. దాని రూల్స్‌కి సరిపడని పాత డ్రైవర్లని గేటు దగ్గరే ఆపేస్తుంది. పాత పీసీలో అది ఆఫ్‌లో ఉండి ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ సమస్య తెలియలేదు. కొత్త విండోస్ 11 పీసీల్లో ఎక్కువగా ఆన్‌లోనే వస్తుంది.

ఆన్‌లైన్‌లో వెతికితే దొరికే మొదటి సలహా "మెమరీ ఇంటిగ్రిటీ ఆఫ్ చేసెయ్, అయిపోద్ది". నిజమే, చాలాసార్లు అయిపోతుంది. నేనూ ఆఫ్ బటన్ మీద మౌస్ పెట్టి ఆగాను. అదే పీసీలో బ్యాంక్ లాగిన్లు ఉన్నాయి, ఆఫీస్ పని ఉంది. ఏళ్ల కింద అప్‌డేట్లు ఆగిపోయిన ఒక డ్రైవర్ కోసం మొత్తం ఇంటి తలుపు గడియ తీసి పెట్టడం నాకు సరైన బేరం అనిపించలేదు. నెట్‌కి కలపకుండా రికార్డింగ్‌కి మాత్రమే వాడే పీసీ అయితే లెక్క వేరు, అక్కడ ఆఫ్ చేసుకోవచ్చు. రోజూ అన్నిటికీ వాడే మెషీన్‌లో మాత్రం నా ఓటు వద్దనే.

మరి దారేంటి? ఇక్కడే చాలామందికి తెలియని విషయం ఒకటుంది.

యూఎస్‌బీ ఆడియోకి క్లాస్ 1, క్లాస్ 2 అని స్టాండర్డ్స్ ఉన్నాయి. వాటి ప్రకారం తయారైన డబ్బాకి కంపెనీ డ్రైవర్ అవసరం లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్నదే సరిపోతుంది. మ్యాక్, లినక్స్ క్లాస్ 2ని ఎప్పటినుంచో సపోర్ట్ చేస్తున్నాయి. విండోస్‌కి మాత్రం అది 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో వచ్చింది. అంతకు ముందు వచ్చిన క్లాస్ 2 ఇంటర్‌ఫేస్‌లకి విండోస్‌లో సొంత డ్రైవర్ ఇవ్వడం తప్ప కంపెనీలకి వేరే దారి లేదు. అంటే అప్పట్లో డ్రైవర్ లేకపోతే నడవని డబ్బా, ఇప్పుడు డ్రైవర్ తీసేస్తే నడిచే అవకాశం ఉందన్నమాట!

ఎలా చూడాలంటే:

1. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి.
2. డివైస్ మేనేజర్‌లో ఇంటర్‌ఫేస్ పేరు మీద రైట్‌క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ ఎంచుకోండి. డ్రైవర్‌ని కూడా తీసేయాలా అని అడిగే చోట టిక్ పెట్టండి. ఈ టిక్ మర్చిపోతే కేబుల్ పెట్టిన ప్రతిసారీ పాత డ్రైవరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నేను రెండుసార్లు మర్చిపోయాను.
3. పీసీ రీస్టార్ట్ చేసి ఇంటర్‌ఫేస్ తగిలించండి.

స్టాండర్డ్ పాటించే డబ్బా అయితే విండోస్ తన సొంత డ్రైవర్ వేసేస్తుంది. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో దీనికోసం వేరే మోడ్ ఉంటుంది. ఆర్‌ఎంఈ వాళ్ల బేబీఫేస్‌లో సీసీ మోడ్ అలాంటిదే. మీ మోడల్ ఐప్యాడ్‌తో పని చేస్తుందని మాన్యువల్‌లో రాసుంటే అది మంచి సూచన. ఎందుకంటే ఐప్యాడ్ కూడా ఇదే స్టాండర్డ్ మీద ఆధారపడుతుంది.

ఇది అన్నిటికీ పని చేయదు. సొంత పద్ధతిలో మాట్లాడే డబ్బాలు కొన్ని ఉన్నాయి, వాటికి కంపెనీ డ్రైవర్ లేకపోతే గతి లేదు. విండోస్ 11లో 32 బిట్ వెర్షనే లేదు కాబట్టి 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న పరికరాల కథ అక్కడితో ముగిసినట్టే. కొత్తగా స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోండి. ఇంటెల్, ఏఎండీ కోసం రాసిన యాప్స్ అందులో ఎమ్యులేషన్‌తో నడుస్తాయి గానీ డ్రైవర్లు నడవవు. ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ ఉండాలి, లేదంటే విండోస్ సొంత డ్రైవర్ మీదే ఆధారపడాలి.

స్టెప్ 3: పేరు కనిపిస్తోంది, సౌండ్ రికార్డ్ అవట్లేదు

నా డబ్బా అదృష్టం కొద్దీ స్టాండర్డ్ బాపతే. విండోస్ డ్రైవర్‌తో పాటలు వినిపించాయి. మైక్‌లో మాట్లాడితే ఇంటర్‌ఫేస్ మీద పచ్చలైటు వెలుగుతోంది. రీపర్‌లో రికార్డ్ నొక్కితే మాత్రం గీత గీసినట్టు నిశ్శబ్దం. ప్రీయాంప్ పోయిందేమోనని రెండు గంటలు నెత్తి బాదుకున్నాను.

అసలు కారణం ప్రైవసీ సెట్టింగ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్‌లోకి వెళ్లండి. అడుగున డెస్క్‌టాప్ యాప్స్‌కి పర్మిషన్ ఇచ్చే స్విచ్ వేరేగా ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఏ ఎర్రర్ మెసేజూ రాదు, నిశ్శబ్దమే రికార్డ్ అవుతుంది. విండోస్ దృష్టిలో లైన్ ఇన్‌పుట్, గిటార్ ఇన్‌పుట్ అన్నీ మైక్రోఫోన్ కిందికే వస్తాయి. మ్యాక్‌లో కూడా ఇలాంటి పర్మిషన్ ఉంది. కొత్త కంప్యూటర్‌లో మొదటిసారి అడిగినప్పుడు తొందరలో వద్దని నొక్కితే ఇదే పరిస్థితి.

దాంతోపాటు శాంపిల్ రేట్ చూడండి. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో 48 కిలోహెర్ట్జ్, రికార్డింగ్ ప్రాజెక్ట్‌లో 44.1 అని ఉంటే కొన్ని సెటప్‌లలో ఇంటర్‌ఫేస్ ఓపెన్ అవదు, కొన్నిట్లో సౌండ్ పాడవుతుంది. రెండు చోట్లా ఒకటే అంకె పెట్టండి. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నవన్నీ ఆఫ్ చేసేయండి.

స్టెప్ 4: చిటపటలు

ఇక్కడ నేను తొందరపడ్డాను. సౌండ్ రికార్డ్ అవడం చూసి, పది సెకన్లు "హలో హలో" అని టెస్ట్ చేసి, నానమ్మని కూర్చోబెట్టేశాను. ఆవిడ ఒక పొడుగు పాట ఆసాంతం పాడింది. వెనక్కి వేసి వింటే మాటమాటకీ చిట్ చిట్‌మని శబ్దం.

"ఏందిరా ఇది, పొయ్యిల పచ్చికట్టె పెట్టినట్టు చిటపటమంటది?" అంది నానమ్మ.

మళ్లీ పాడమంటే పాడింది గానీ ఈసారి రెండు చరణాలు గుర్తు రాలేదు. పక్కన ఫోన్‌లోనైనా రికార్డ్ పెట్టలేదు నేను. ఇప్పటికీ ఆ రెండు చరణాలు నా దగ్గర చిటపటల మధ్యనే ఉన్నాయి.

ఈ చిటపటలు ఎందుకొస్తాయో అర్థమైతే పరిష్కారం సులువు. మన ఇళ్లలో నల్లా నీళ్లు వచ్చినప్పుడు డ్రమ్ములో పట్టుకుని తర్వాత వాడుకుంటాం కదా. ఇంటర్‌ఫేస్‌కి కంప్యూటర్‌కి మధ్య కూడా అలాంటి డ్రమ్మే ఉంటుంది, దాన్ని బఫర్ అంటారు. ఆడియో ఒక్క క్షణం ఆగకుండా వస్తూ పోతూ ఉండాలి, ప్రాసెసర్‌కి మాత్రం వేరే పనులూ ఉంటాయి. డ్రమ్ము చిన్నదైతే ప్రాసెసర్ తిరిగి వచ్చేసరికి అది ఖాళీ అయిపోయో, పొంగిపోయో ఉంటుంది. ఆ సందులో వినిపించేదే చిట్‌మనే శబ్దం.

డ్రమ్ము పెద్దది చేస్తే చిటపటలు పోతాయి, ఆలస్యం పెరుగుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్క ఇదీ:

• 128 శాంపిల్స్: సుమారు 2.7 మిల్లీసెకన్లు
• 256 శాంపిల్స్: సుమారు 5.3 మిల్లీసెకన్లు
• 512 శాంపిల్స్: సుమారు 10.7 మిల్లీసెకన్లు
• 1024 శాంపిల్స్: సుమారు 21.3 మిల్లీసెకన్లు

ఇది ఒకవైపు లెక్క. లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి దీనికి రెట్టింపు పైనే అవుతుంది. కీబోర్డ్‌తో వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాయించేవాళ్లకి, ఎఫెక్ట్స్‌తో తమ గొంతు తాము వింటూ పాడేవాళ్లకి ఈ ఆలస్యం నరకం. వాళ్లకి స్టైన్‌బర్గ్ తెచ్చిన ఏసియో పద్ధతిలో నడిచే అసలు డ్రైవరే మేలు. అది లేకపోతే ఏసియోఫర్‌ఆల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్ డ్రైవర్ మీద ఏసియో తొడుగు వేస్తుంది. రీపర్‌లో అయితే వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ కూడా ఉంది.

ఒక్క గొంతునో, ఒక్క వాయిద్యాన్నో రికార్డ్ చేసేవాళ్లకి మాత్రం ఈ ఆలస్యంతో పనే లేదు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే బటనో, నాబో ఉంటుంది. అది ఆన్ చేస్తే మైక్ సౌండ్ కంప్యూటర్ దాకా వెళ్లకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది. అప్పుడు బఫర్ 1024 పెట్టినా పాడేవాళ్లకి తేడా తెలీదు. నానమ్మకైతే హెడ్‌ఫోన్సే వద్దు. అయినా నేను 128 పెట్టుకుని కూర్చున్నాను, అలవాటు అలాంటిది.

బఫర్ పెంచినా చిటపటలు పోకపోతే కంప్యూటర్‌లో ఎవరో ప్రాసెసర్‌ని మరీ ఎక్కువసేపు పట్టుకుంటున్నారని అర్థం. ఎవరో తెలుసుకోడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ ఉంది. పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ ఎంతసేపు ఆపుతోందో చూపిస్తుంది. నాకు లిస్ట్‌లో పైన కనిపించింది నెట్‌వర్క్ డ్రైవర్. వైఫై ఆఫ్ చేయగానే ఎర్రగా ఉన్నదల్లా పచ్చగా మారింది. కొందరికి గ్రాఫిక్స్ డ్రైవర్, కొందరికి పవర్ మేనేజ్‌మెంట్ కారణం అవుతాయి.

చేయాల్సినవి వరుసగా:

1. రికార్డింగ్ టైంలో వైఫై, బ్లూటూత్ ఆఫ్.
2. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, పవర్ మోడ్‌ని బెస్ట్ పర్ఫార్మెన్స్‌లో ఉంచాలి.
3. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్ చేయాలి. కొత్త మెషీన్లు కరెంట్ ఆదా కోసం పోర్ట్‌లని నిద్రపుచ్చుతుంటాయి.
4. చిప్‌సెట్, వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు, బయోస్ అప్‌డేట్ చేయాలి.
5. ఒక్కోటి మార్చి ఒక్కోసారి టెస్ట్ చేయాలి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు.

మ్యాక్ వాడేవాళ్లకి

2020లో ఎం1 వచ్చాక ఇంటెల్ మ్యాక్ కోసం రాసిన యాప్స్‌ని రోసెట్టా నడిపిస్తోంది. కెర్నెల్‌లోకి వెళ్లే పాత డ్రైవర్లకి మాత్రం రోసెట్టా వర్తించదు. యాపిల్ చిప్‌కి సరిపడా తయారైన కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ ఉన్నా, రికవరీలోకి వెళ్లి సెక్యూరిటీ స్థాయి తగ్గిస్తేనే అది లోడ్ అవుతుంది. ఇది కూడా నేను పైన చెప్పిన గడియ లాంటిదే, ఆలోచించి చేయండి. క్లాస్ స్టాండర్డ్ డబ్బాలకి ఈ గొడవ లేదు.

ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ 26 తాహో నుంచి ఫైర్‌వైర్ సపోర్ట్‌నే తీసేశారు. అడాప్టర్ల మీద అడాప్టర్లు తగిలించి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చినవాళ్లు ఆ అప్‌డేట్ జోలికి పోవద్దు.

ఎప్పుడు వదిలేయాలి?

అన్నీ చేశాక కూడా నడవకపోతే రెండు దారులు. ఒకటి, పాత పీసీని అమ్మకుండా నెట్ తీసేసి రికార్డింగ్‌కి మాత్రమే ఉంచుకోవడం. నెట్ లేని మెషీన్‌కి విండోస్ 10 సపోర్ట్ అయిపోయిందన్న భయం చాలావరకు తగ్గిపోతుంది. ఫైల్స్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే సరి. రెండోది, కొత్తది కొనడం. మీ పని వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌తో అయితే, లేదా డబ్బుల కోసం క్లయింట్లకి రికార్డ్ చేస్తుంటే కొత్తదే మేలు. కొనేటప్పుడు డబ్బా మీద క్లాస్ కంప్లయింట్ అని ఉందా, డ్రైవర్ లేకుండా నడుస్తుందా అన్నది మాత్రం తప్పకుండా అడగండి. పదేళ్ల తర్వాత మళ్లీ పీసీ మార్చే రోజున కాపాడేది ఆ ఒక్క మాటే.

ఇంకా పీసీ మార్చనివాళ్లు అయితే కొనే ముందే ఇంటర్‌ఫేస్ పేజీకి వెళ్లి చివరి డ్రైవర్ ఏ విండోస్‌కి ఉందో చూసుకోండి. ఆ ఇన్‌స్టాలర్‌ని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. పాత మోడళ్ల పేజీలు వెబ్‌సైట్లలో ఎప్పటికీ ఉండవు.

ఫైనల్‌గా

నా సెటప్ ఇప్పుడు ఇలా ఉంది: విండోస్ సొంత డ్రైవర్, వెనకాల యూఎస్‌బీ 2.0 పోర్ట్, 48 కిలోహెర్ట్జ్, బఫర్ 1024, వైఫై ఆఫ్, మెమరీ ఇంటిగ్రిటీ ఆన్. పాత డ్రైవర్‌తో వచ్చినంత తక్కువ లేటెన్సీ దీంతో రాదు. గొంతు రికార్డ్ చేయడానికి మాత్రం ఏ లోటూ లేదు. ఖర్చు సున్నా.

శనివారం పొద్దున ఫ్యాన్ ఆపి, ఖాళీ గదిలో అరగంట రికార్డింగ్ పెట్టి, మొత్తం హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఒక్క చిట్ కూడా లేదు. అప్పుడు నానమ్మని పిలిచాను, ఈసారి పక్కన ఫోన్‌లో కూడా రికార్డ్ ఆన్ చేసి. సాయంత్రానికి పదకొండు పాటలు అయ్యాయి. మీరు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు, పాడేవాళ్లని కూర్చోబెట్టే ముందు ఆ అరగంట టెస్ట్ మాత్రం చేయండి.